రాజును దించేదెవరు?

హనుమకొండలో ఒక ఆదివారం సాయంత్రం చరిత్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాట మార్చలేదు.

వేదిక మీద ఉన్న పెద్దలకు, కింద కుర్చీలల్ల ఉన్న పెద్దలకు, కుర్చీ దొరకక గోడకు నిలబడ్డ తమ్ముళ్ళకు నమస్కారం. ముందుకు రా తమ్మీ, ఇక్కడ రెండు ఖాళీ ఉన్నయి. మొహమాటపడకు.

ఇయ్యాల్టి విషయం వంశపారంపర్య రాచరికం. ఉండాల్నా, పోవాల్నా. లోపలికి వస్తుంటే ఒకాయన అడిగిండు, "మనకు రాజే లేకపాయె, ఇగ ఉండుడేంది సార్, పోవుడేంది?" అని. నిజమే, మనకు రాజు పోయి డెబ్బై ఏండ్లు దాటింది. కాని ఒక్కసారి నేపాల్ దిక్కు చూడుండ్రి.

2008 మే 28న నేపాల్ రాజ్యాంగ సభ మొదటిసారి కూచున్నది. కూచున్న రోజే 240 ఏండ్ల రాచరికాన్ని రద్దు చేసింది. రద్దు చేయాలె అన్నోళ్ళు 560 మంది. వద్దన్నోళ్ళు నలుగురంటే నలుగురు. జ్ఞానేంద్ర రాజు రెండు వారాలల్ల నారాయణహితి ప్యాలెస్ ఖాళీ చేసి పోయిండు. ప్యాలెస్ మ్యూజియం అయింది. కథ అయిపోయింది అనుకున్నరు. మరి 2025 మార్చిల అదే మనిషి విమానం దిగితే కాఠ్మాండు ఎయిర్‌పోర్టు బయట వేలమంది నిలబడి "రాజు రావాలె, దేశాన్ని కాపాడాలె" అని ఎందుకు అరిచిన్రు?

ఎందుకంటే పదిహేడేండ్లల్ల పదికి పైగా ప్రభుత్వాలు మారినయి. ఓలీ, దేవ్‌బా, ప్రచండ, ఎక్కువసార్లు ఆ ముగ్గురే. పిల్లలు పనికోసం గల్ఫుకు, మలేసియాకు పోయిన్రు. గల్ఫు అంటే ఏందో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి వచ్చినోళ్ళకు నేను చెప్పాల్నా? ఇంటికాడ పని లేక, నాయకుల మీద నమ్మకం లేక ఉన్నోడు "పాత రాజే నయముండె" అంటడు. ఆ కోపం నిజమైనది, దాన్ని నేను ఎక్కిరించను. కాని కోపం ఓటు అయిందా? 2022 ఎన్నికల్ల రాజు కావాలనే పార్టీకి 275 సీట్లల్ల వచ్చినయి 14. ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్‌ల యువకులు రోడ్ల మీదికి వచ్చిన్రు, ప్రభుత్వం కూలింది, పార్లమెంటు కాలింది. అప్పుడు వాళ్ళు ఎవర్ని అడిగిన్రు? రిటైరైన ప్రధాన న్యాయమూర్తి సుశీలా కార్కీని. రాజు అదే ఊర్ల ఉన్నడు. ఆయన దగ్గరికి పోలేదు.

సరే. రాజు ఉండాలె అనేటోళ్ళు ఏమంటరో ముందు సరిగ్గ విందం. వాళ్ళను తెలివితక్కువోళ్ళు అనుకోవద్దు. ఇంటికి ఒక పెద్దమనిషి ఉన్నట్టు దేశానికి ఒక పెద్ద ఉండాలె, ఆ పెద్ద ఏ పార్టీ మనిషి కావద్దు, ఎన్నికల్ల గెలిచినోడు ఎప్పటికైనా సగం మందికే పెద్ద అయితడు అని వాళ్ళ వాదన. ఉదాహరణలు గూడ చూపెడ్తరు, అవి చిన్నవి కావు. 1905ల నార్వే స్వీడన్ నుంచి విడిపోయి డెన్మార్క్ యువరాజును రాజుగ రమ్మన్నది. ఆయన వెంటనే ఎగిరి గంతేయలేదు. "ముందు మీ ప్రజలను అడగండి" అన్నడు. ఓటు పెడితే వందకు 79 మంది రమ్మన్నరు. అప్పుడు వచ్చిండు, హాకోన్ రాజు అయిండు. 1940ల హిట్లర్ సైన్యం వచ్చి, తమ దిక్కు మనిషి క్విస్లింగ్ అనేటాయన్ని ప్రధానిని చేయుమన్నది. హాకోన్ చేయనన్నడు. చేయాల్సి వస్తే గద్దె దిగుత గాని చేయనన్నడు.

స్పెయిన్ గూడ అంతే. 1981 ఫిబ్రవరి 23న ఒక సైనికాధికారి తుపాకులు పట్టుకొని పార్లమెంటులకు సొచ్చిండు. సభ్యులను బల్లల కిందికి తోలిండు. నడిరాత్రి దాటినంక హువాన్ కార్లోస్ రాజు సైనిక దుస్తులేసుకొని టీవీల కనబడ్డడు. ఈ తిరుగుబాటును ఒప్పుకోనని చెప్పిండు. తెల్లారేసరికి అది చల్లబడ్డది. రాజు లేకపోతే ఏమయ్యేదో ఆలోచించుకోండి అంటరు.

ఆలోచిస్త. నేను మాత్రం 1922 ఇటలీని ఆలోచిస్త. ముసోలినీ నల్ల చొక్కాలోళ్ళు రోం మీదికి వస్తున్నరు. ప్రధానమంత్రి ఫాక్టా అత్యవసర పరిస్థితి కాగితం తయారుచేసి పట్టుకపోయిండు. ఒక్క సంతకం. రాజు విక్టర్ ఇమాన్యుయేల్ ఆ సంతకం పెట్టలేదు. పెట్టకపోగ ముసోలినీని పిలిచి ప్రభుత్వం ఏర్పాటు చేయుమన్నడు. ఆ తర్వాత ఇరవై ఏండ్లు ఏం జరిగిందో మీకు తెలుసు. మరి స్పెయిన్ రాజుకు, ఇటలీ రాజుకు తేడా ఏంది? పదవి ఒకటే, రెండు దిక్కుల్ల రాజ్యాంగం పెట్టిన నమ్మకం గూడ ఒకటే. ఒకాయన నిలబడ్డడు, ఇంకొకాయన వంగిండు. ఎవరు నిలబడ్తరు, ఎవరు వంగుతరు అన్నది ఆయన పుట్టిన రోజు ఎవరికన్న తెలుస్తదా? అయినా ఆ పుట్టుక చూసే ఆయనకు కుర్చీ ఇచ్చినం గదా.

ఇటలీ ప్రజలు మర్చిపోలేదు. 1946 జూన్ 2న ఓటు పెట్టిన్రు. ఆడవాళ్ళు దేశమంతట ఓటు వేసింది అప్పుడే మొదటిసారి. గణతంత్రానికి కోటీ ఇరవై ఏడు లక్షలు, రాజుకు కోటీ ఏడు లక్షలు. చూడుండ్రి, అంత జరిగినంక గూడ కోటి మంది పైచిలుకు రాజే కావాలె అన్నరు. దక్షిణ ఇటలీ అంత రాజు దిక్కే. రాచరికం మీద ప్రేమ యుద్ధంల ఓడినా పోదు.

ఇగ స్పెయిన్ రాజు కథ చివరిదాక చెప్పాలె గదా. 1981ల దేశాన్ని కాపాడిన ఆ హువాన్ కార్లోసే 2014ల గద్దె దిగిండు, 2020ల ఆస్తుల మీద విచారణలు నడుస్తుండంగ దేశం విడిచి అబుదాబి పోయిండు. విచారణ ఏమైంది? 2022ల మూసేసిన్రు. చెప్పిన కారణాలల్ల ఒకటి ఏందంటే, గద్దె మీద ఉన్నప్పుడు రాజును ఏ కోర్టూ అడగరాదు, రాజ్యాంగంలనే ఉన్నది. నా అభ్యంతరం సరిగ్గ అక్కడ. రాజు దొంగ అని నేను అంటలేను. అడిగే తొవ్వ లేదు అంటున్న.

బెల్జియం ముచ్చట ఒకటి చెప్పి ముందుకు పోత. 1990ల అక్కడ గర్భస్రావం చట్టం పాసైంది. బోడువాన్ రాజు భక్తిపరుడు, నా మనస్సాక్షి ఒప్పుకోదు, సంతకం పెట్టను అన్నడు. మంత్రులు ఏం చేసిన్రు? రాజు రాజ్యం చేసే స్థితిల లేడు అని ఏప్రిల్ 4న ప్రకటించి, వాళ్ళే సంతకం పెట్టుకొని, తెల్లారి పార్లమెంటును కూర్చోబెట్టి "ఇప్పుడు బాగున్నడు" అని మళ్ళ గద్దె మీద పెట్టిన్రు. ఒక్క రోజు గణతంత్రం! నవ్వుతున్నరు గాని, ఆ ఒక్క రోజు బెల్జియంకు ఏమన్న లోటు అయిందా? అంటే రాజు లేకున్నా నడుస్తది. స్వీడన్ ఆ మాట ముందే ఒప్పుకున్నది. 1975 నుంచి అక్కడ ప్రధానమంత్రి పేరు ప్రతిపాదించేది స్పీకర్, రాజుకు సంతకం గూడ లేదు.

ఖర్చుల లెక్క గూడ చెప్పమని నిర్వాహకులు అడిగిన్రు. బ్రిటన్ ప్రభుత్వం రాజకుటుంబానికి ఇచ్చే గ్రాంటు 8 కోట్ల 63 లక్షల పౌండ్లు ఉండె, 2025-26కు 13 కోట్ల 21 లక్షలు అయింది, ప్యాలెస్ మరమ్మతులు గూడ అండ్లనే. పర్యాటకులు వస్తరు, ఆ డబ్బులు తిరిగొస్తయి అని వాదిస్తరు. మన రామప్పకు, ఖిల్లా వరంగల్‌కు జనం వస్తలేరా? రాజును చూడనీకి వస్తున్నరా? నాకు ఈ లెక్కల మీద ఆసక్తి లేదు. రాజు పైసా తీసుకోకున్నా నా ప్రశ్న అట్లనే ఉంటది. పోదాం.

ఇగ మన ఊరికి వద్దం. రాచరికం గురించి ఓరుగల్లుల మాట్లాడుతూ కాకతీయులను వదిలిపెడ్తమా? వదిలితే మీరు నన్ను వదలరు.

వంశపారంపర్యం ఉంటే రాజ్యం స్థిరంగ ఉంటది, కొడుకు ఎవరో ముందే తెలుసు కాబట్టి కొట్లాట ఉండదు అంటరు. ఇదే రాచరికానికి అన్నిటికంటె గట్టి వాదన. మన చరిత్ర ఏం చెప్తది? వేయిస్తంభాల గుడి కట్టించిన రుద్రదేవుడు యాదవులతోటి యుద్ధంల చచ్చిపోయిండు. తమ్ముడు మహాదేవుడు ఎక్కిండు, ఆయన గూడ యుద్ధంలనే పోయిండు. ఆయన కొడుకు గణపతిదేవుడు యాదవుల చేతిల బందీ. వారసుడు శత్రువు ఇంట్ల, గద్దె ఖాళీ. మరి రాజ్యం ఎవరు నిలబెట్టిన్రు? రేచర్ల రుద్రుడు, సేనాని. 1213ల రామప్ప గుడి కట్టించింది ఆయననే. సామంతులను ఆపి, రాజ్యం చెక్కుచెదరకుంట పట్టుకొని, 1199ల గణపతిదేవుడు తిరిగొస్తే ఆయన చేతిల పెట్టిండు. గద్దె ఖాళీగ ఉన్న ఆ రోజులల్ల రాజ్యాన్ని కాపాడింది వంశమా, ఒక మనిషి నిజాయితీనా? రేచర్ల రుద్రుడు ఇయ్యను అంటే ఏ ధర్మశాస్త్రం అడ్డం పడేది?

ఆ గణపతిదేవుడికి కొడుకులు లేరు. బిడ్డను కూర్చోబెట్టిండు. రుద్రమను. మనం ఇయ్యాల గొప్పగ చెప్పుకుంటం, చెప్పుకోవాలె. కాని ఆమె శాసనాలల్ల "రుద్రదేవ మహారాజు" అని మగపేరు ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చింది? ఆడమనిషి గద్దె మీద ఉంటే ఒప్పుకోనోళ్ళు ఉన్నరు కాబట్టి. ఆమెకు గూడ ఉన్నది బిడ్డలే. బిడ్డ ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని వారసుడిని చేసింది. సామంతుడు కాయస్థ అంబదేవుడు తిరుగుబాటు చేసిండు, ఆ పోరులనే 1289ల ఆమె పోయిందని చందుపట్ల శాసనం చూసి చరిత్రకారులు చెప్తరు. స్థిరత్వం అంటే ఇదా? జపాన్‌ల ఇయ్యాల్టికీ చక్రవర్తి బిడ్డ గద్దె ఎక్కరాదు, 1947 చట్టం మగపిల్లలకే అంటది. ఐకో యువరాణి ఉన్నది, లెక్కల లేదు. తమ్ముడి కొడుకు ఒక్కడే ఆ తరానికి దిక్కు. ఓరుగల్లు ఏడున్నర వందల ఏండ్ల కింద దాటిన గడప అది. ముందు కూచున్న చెల్లెండ్లు ఇది రాసుకోండి, డిబేట్లల్ల పనికొస్తది.

ఇగ ఆసఫ్‌జాహీల సంగతి. ఇది కొంచెం వివరంగ చెప్త, ఎందుకంటే బడి పుస్తకాలల్ల రెండు లైన్లే ఉంటది. 1748ల మొదటి నిజాం చనిపోయిండు. రెండో కొడుకు నాసిర్ జంగ్ గద్దె నాది అన్నడు. బిడ్డ కొడుకు ముజఫర్ జంగ్, తాత నాకే ఇచ్చిండు అన్నడు. ఒకరి ఎనక ఇంగ్లీషోళ్ళు, ఒకరి ఎనక ఫ్రెంచోళ్ళు. 1750ల నాసిర్ జంగ్‌ను చంపిన్రు. 1751ల ముజఫర్ జంగ్‌ను చంపిన్రు. ఫ్రెంచి బుస్సీ దొర ఇంకో కొడుకు సలాబత్ జంగ్‌ను పట్టుకొచ్చి కూర్చోబెట్టిండు. కూర్చోబెట్టినందుకు కూలి? 1753ల కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (ఇయ్యాల్టి శ్రీకాకుళం) సర్కారులు, అంటే జిల్లాల లెక్క. తెలుగు కోస్తాల చాల భాగం! తర్వాత 1762ల తమ్ముడు నిజాం అలీ అన్నను పట్టి బీదర్ కోటల పెట్టిండు, ఏడాదికి ఆయన అండ్లనే పోయిండు. 1766ల ఆ సర్కారులు సంతకం పెట్టి ఇంగ్లీషోళ్ళకు ఇచ్చిండు. తెలుగోళ్ళు రెండు రాజ్యాల కింద రెండు వందల ఏండ్లు ఉన్నరు గదా, ఆ గీత గీసింది అన్నదమ్ముల గద్దె పంచాయితి. ప్రజలను ఎవరన్న అడిగిన్రా? చికాకోల్ రైతును పిలిచి "నిన్ను ఫ్రెంచోళ్ళకు ఇస్తున్నం, నీకు సమ్మతమేనా" అన్నరా?

మన వరంగల్‌ల ఆజంజాహి మిల్లు ఉండె. 1934ల పెట్టిన్రు. మీ ఇండ్లల్ల తాతలో, నాయినలో అండ్ల పనిచేసినోళ్ళు ఇక్కడ తప్పక ఉంటరు. ఎవరి పేరు అది? ఆజం జా, ఏడో నిజాం పెద్ద కొడుకు, యువరాజు. మిల్లుకు పేరు పెట్టిన్రు, గద్దె మాత్రం ఆయనకు ఇయ్యలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ పెద్ద కొడుకును దాటేసి మనవడు ముకర్రం జాను వారసుడు అన్నడు. 1967ల ముకర్రం జాకు ఆ బిరుదు వచ్చింది. ఆయన పోయి ఆస్ట్రేలియాల గొర్రెల ఫారం పెట్టుకున్నడు. 2023 జనవరిల ఇస్తాంబుల్‌ల చనిపోతే తెచ్చి మక్కా మసీదుల పెట్టిన్రు. ఆయన్ని తప్పు పట్టను, రాజు కాలేని కాలంల రాజుగ పుట్టుడు ఆయన చేతిల లేదు. రాచరికం రాజు పిల్లలకు గూడ మంచిది కాదని నేను నిజంగనే నమ్ముత.

ఇప్పుడు మీరు అడిగేది నాకు తెలుసు. నిజాం మంచి పనులు చేయలేదా సార్? చేసిండు. 1918ల ఉస్మానియా యూనివర్సిటీ. 1931 నాటికి నిజాంసాగర్. ఉస్మానియా దవాఖాన. రైళ్ళు, మిల్లులు. కాదంటే నేను చరిత్ర చెప్పనీకి పనికిరాను. నిజామాబాద్ రైతు నిజాంసాగర్‌ను తలుచుకుంటే అండ్ల తప్పులేదు. కాని ఆ డ్యాం ఎవరి శిస్తుతోటి కట్టిన్రు? రాష్ట్రంల దాదాపు పదో వంతు భూమి సర్ఫేఖాస్, అంటే దాని రాబడి నేరుగ నిజాం సొంతానికి. ఇంకో మూడో వంతు దాకా జాగీర్దార్ల కింద. మిగిలిన దానిమీద వచ్చిన పైసలతోటి చేసిన పనులవి. అయినా నా ప్రశ్న అది గూడ కాదు. కట్టకపోతే అడిగేదెట్ల? ఇయ్యాల మనం ఇట్ల వంద మందిమి కూచొని మాట్లాడుకుంటున్నం. ఆ రోజులల్ల గస్తీ నిషాన్ 53 అని ఉండె, సభ పెట్టాల్నంటే ముందు అనుమతి తెచ్చుకోవాలె. ఈ సభకే అనుమతి వచ్చేది కాదు, నన్ను నమ్మండి. 1938ల వందేమాతరం పాడినందుకు పిల్లలను కాలేజీల నుంచి ఎల్లగొట్టిన్రు, మన పీ.వీ. నరసింహారావు గారు చదువు కోసం నాగపూర్ పోవాల్సి వచ్చింది. 1947 సెప్టెంబర్ 2న పరకాలల జెండా ఎగరేయనీకి వచ్చినోళ్ళ మీద తుపాకులు పేలినయి. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా అని మన పెద్దలు ఊకెనే అనలేదు.

ఇంకొందరు అంటరు, నిజాం మంచోడే, కింద దొరలే చెడ్డోళ్ళు, ఆయనకు తెల్వదు. ఈ మాట నేను చాలా ఊర్లల్ల విన్న. ముసలోళ్ళు గూడ అంటరు. కాని దేశ్‌ముఖు ఎవరు? శిస్తు వసూలు చేసే పెద్ద, తండ్రి తర్వాత కొడుకు. విసునూరు దేశ్‌ముఖు కింద నలభై వేల ఎకరాలని పుస్తకాలల్ల ఉన్నది. గడి, అంటే దొర కోట, దాని ముందట చెప్పులు విప్పుకొని నడవాలె, వెట్టి చేయాలె, "నీ బాంచెను కాల్మొక్త" అనాలె. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య మీద పేలిన తుపాకి ఆ గడి మనుషులది. ఆ గడికి అండ ఎవరు? పైన వంశం, కింద వంశం. మీది వంశాన్ని ఎవరూ అడగరాదు కాబట్టి కింది వంశాన్ని గూడ ఎవరూ అడగలేదు. రాచరికం అంటే హైదరాబాద్‌ల ఒక మనిషి అనుకుంటే మనకు సగమే అర్థమైనట్టు.

సరే, 1948 సెప్టెంబర్ 17 వచ్చింది. ఆ రోజుకు ఏ పేరు పెట్టాలె అని మనకు ఏటా పంచాయితి ఉన్నది, ఇయ్యాల నేను అండ్లకు పోను. రాజ్యం పోయింది. రాజు పోయిండా? 1950 జనవరి 26న దేశం గణతంత్రం అయింది. అదే రోజు హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి పదవి, ఎవరయ్యిన్రు? ఉస్మాన్ అలీ ఖాన్! 1952ల మనం ఓట్లేసి గెలిపించుకున్న బూర్గుల రామకృష్ణారావు గారి మంత్రివర్గం ప్రమాణం చేసింది ఆ రాజప్రముఖ్ కిందనే. 1956 అక్టోబర్ 31 దాకా ఆయన ఆ పదవిల ఉన్నడు. పైన ఏడాదికి 50 లక్షల రాజభరణం, పన్ను లేదు. సర్ఫేఖాస్ పోయినందుకు ఇచ్చిన పరిహారం వేరే. పటేల్ గారు రాజ్యాంగ సభల చెప్పింది ఏందంటే, ఐదు వందల అరవైకి పైగా సంస్థానాలు కలిసినందుకు ఇది మనం కట్టే ధర, ఎక్కువేం కాదు అని. అప్పటి పరిస్థితిల ఆ మాటను నేను తీసిపారేయను. కాని ఆ ధరను తండ్రి తర్వాత కొడుక్కు కట్టుకుంట పోవాల్నా?

ఆ రాజభరణాలు తీసేయనీకి ఎంత తిప్పలైందో వినుండ్రి. 1970ల బిల్లు లోక్‌సభల పాసైంది. సెప్టెంబర్ 5న రాజ్యసభకు వచ్చింది. అనుకూలం 149, వ్యతిరేకం 75. మూడింట రెండు వంతులు అంటే 149 మీద ఇంకో మూడో వంతు ఓటు కావాలె. ఓటుల మూడో వంతు! అంత దగ్గర పోయింది. తెల్లారి రాష్ట్రపతి వి.వి. గిరి గారి ఉత్తర్వుతోటి రాజుల గుర్తింపు రద్దు చేసిన్రు. డిసెంబర్‌ల సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదు అన్నది. నన్ను అడిగితే కోర్టు సరిగ్గనే చేసింది. రాజ్యాంగంల ఉన్నదాన్ని ఒక ఉత్తర్వుతోటి తీసేస్తే అది గూడ రాజుగారి ఫర్మానా లెక్కనే గదా. ఎన్నికలైనయి, 1971ల 26వ సవరణ పాసైంది, అప్పుడు పోయింది. ఓటు అడిగి, సభల గెలిచి తీసేసిన్రు. నాకు ఆ పద్ధతి నచ్చుతది.

మరి ఊర్లల్ల? జాగీర్లు 1949 ఆగస్టు 15న రద్దయినయి, 1950ల కౌలుదారీ చట్టం వచ్చింది. మరి పటేల్, పట్వారీ? తండ్రి పటేల్ అయితే కొడుకు పటేల్. ఊరి ఉద్యోగం వారసత్వంగ ఇచ్చుడు రాజ్యాంగం ఒప్పుకోదని సుప్రీంకోర్టు అన్నా, దస్తరం ఆ ఇంటి దూలానికే వేలాడింది. 1984ల ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసే దాకా. నిజాం గద్దె దిగినంక ముప్పై అయిదేండ్లు! ఇక్కడ యాభై దాటినోళ్ళు అందరు ఆ పట్వారీ ఇంటి ముందట నిలబడ్డోళ్ళే. హైదరాబాద్‌ల సింహాసనం తీసేయడానికి సైన్యానికి ఐదు రోజులు పట్టింది. పట్వారీ దస్తరం తీసేయనీకి ఇన్నేండ్లు.

ఎనక నుంచి ఎవరో "ఇప్పుడు మాత్రం లేరా" అన్నరు. విన్న, విన్న. పేర్లు నేను చెప్పను, మీకు తెలుసు, అన్ని పార్టీలల్ల ఉన్నరు, అన్ని పార్టీలోళ్ళు ఈ హాల్ల గూడ ఉన్నరు. తండ్రి తర్వాత కొడుకు, మామ తర్వాత అల్లుడు, భర్త చనిపోతే భార్య. ఇది రాచరికమే అంటరు. నేను సగమే ఒప్పుకుంట. అయిదేండ్లకు ఒకసారి వాళ్ళు మన వాకిట్లకు రావాల్సిందే, దండం పెట్టాల్సిందే, ఓడగొడ్తే ఇంటికి పోవాల్సిందే. పెద్దపెద్ద కొడుకులు ఓడిపోయిన్రు, మనమే ఓడగొట్టినం. రుద్రమకు అంబదేవుడు నచ్చకపోయినా, అంబదేవునికి రుద్రమ నచ్చకపోయినా తేల్చింది కత్తి. ఇప్పుడు తేల్చేది చీటి. ఈ తేడా చిన్నది కాదు. మిగతా సగం ఏందంటే, టికెట్ ఇచ్చేకాడ మన చేయి లేదు. అక్కడ వంశమే నడుస్తున్నది. 1949 నవంబర్ 25న అంబేద్కర్ రాజ్యాంగ సభల హెచ్చరించిండు, మతంల భక్తి మోక్షానికి తొవ్వ కావచ్చు, రాజకీయాలల్ల భక్తి మాత్రం పతనానికి, చివరికి నియంతృత్వానికి తొవ్వ అని. రాజు లేని దేశంల గూడ ఆ భక్తి బతుకుతది. ఫ్లెక్సీలు చూస్తలేమా?

రాజును తీసేయాలె అన్నంత మాత్రాన అయిపోదు, ఆ కుర్చీల ఎవర్ని పెడ్తరు? ఆస్ట్రేలియా అక్కడనే చిక్కుపడ్డది. 1999 నవంబర్ 6న ఓటు పెడితే బ్రిటన్ రాణి వద్దు అనేటోళ్ళే రెండుగ చీలిన్రు. రాష్ట్రపతిని మేమే ఎన్నుకుంటం అని కొందరు, పార్లమెంటు ఎన్నుకుంటది అని కొందరు. వందకు 55 మంది వద్దన్నరు, రాణి ఉండిపోయింది. బార్బడోస్‌ల ఈ గొడవ లేదు. రాణి తరఫున గవర్నర్ జనరల్‌గ ఉన్న సాండ్రా మేసన్‌నే పార్లమెంటు అధ్యక్షురాలిగ ఎన్నుకున్నది, 2021 నవంబర్ 30న గణతంత్రం అయింది. రక్తం లేదు, రభస లేదు. భూటాన్ ఇంకో తీరు. రాజే అధికారం ఇచ్చేసిండు, 2008 రాజ్యాంగంల రాజు 65 ఏండ్లకు దిగిపోవాలె, పార్లమెంటు ఓటు, ఆ తర్వాత ప్రజల ఓటుతోటి దించొచ్చు గూడ. రాచరికం కావాలె అనేటోళ్ళకు భూటాన్ చాల ఇష్టం. నాకు గూడ ఆ రెండు నిబంధనలు ఇష్టమే. కాని 1990ల మొదట్ల లక్ష మంది దాకా నేపాలీ మాట్లాడేటోళ్ళు ఆ దేశం నుంచి ఎల్లిపోవాల్సి వచ్చింది, అదే మంచి రాజు కాలంల. వాళ్ళు ఎవర్ని అడగాలె?

నేను ఎటు దిక్కో మీకు ఇప్పటికే అర్థమైంది. స్వీడన్ రాజు ఉంటే నాకు పెద్ద బాధ లేదు, ఆయన చేతిల ఏం లేదు, ఆ దేశం వాళ్ళ ఇష్టం. థాయిలాండ్‌ల రాజును ఒక మాట అంటే 112వ సెక్షన్ కింద మూడేండ్ల నుంచి పదిహేనేండ్ల జైలు, అది పోవాలె అంట. బ్రిటన్? 2023 మే 6న చార్లెస్ పట్టాభిషేకం రోజు ప్లకార్డులు తెచ్చుకున్న గణతంత్రవాదులను పోలీసులు పొద్దుగాలనే పట్టుకపోయిన్రు, తర్వాత కేసు లేదని వదిలిన్రు. అధికారం లేని రాజు అంటరు గాని, ఆయన ఊరేగింపుకు అడ్డం రావద్దని మనుషులను లోపలేసే అధికారం ఎక్కడినుంచో వస్తున్నది గదా.

చీటీలు పంపిన్రు, ఒకటి చదువుత. "నిజాం డబ్బులు లండన్‌ల ఉండె గదా, ఏమైనయి?" మంచిగ అడిగిన్రు. 1948 సెప్టెంబర్‌ల, సైన్యం వచ్చేటప్పుడు, పది లక్షల పౌండ్లు లండన్‌ల పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాకు పోయినయి. కొన్ని రోజులకే వాపసు ఇయ్యమని నిజాం అడిగిండు, బ్యాంకు ఎవరికీ ఇయ్యకుంట ఆపి పెట్టింది. 71 ఏండ్లు అట్లనే ఉండి మూడున్నర కోట్ల పౌండ్లు అయినయి. 2019 అక్టోబర్‌ల అక్కడి హైకోర్టు తీర్పు ఇచ్చింది, అవి పాకిస్తాన్‌వి కావు, భారతదేశానికీ నిజాం మనవళ్ళు ఇద్దరికీ చెందుతయి అని. తీర్పు న్యాయంగనే ఉన్నది, కాదనను. నేను మాత్రం ఆ పది లక్షల పౌండ్లను శిస్తుగ కట్టినోళ్ళ గురించి ఆలోచించిన. కేసుల వాది ఉన్నడు, ప్రతివాది ఉన్నడు, మనవళ్ళు ఉన్నరు, రెండు దేశాలు ఉన్నయి. పాలకుర్తి రైతు ఏ పక్షంల లేడు. ఇంకో చీటి నిజాం నగల గురించి ఉన్నది. 1995ల కేంద్రం 218 కోట్లు పెట్టి 173 నగలు కొన్నది, రిజర్వు బ్యాంకుల ఉన్నయి, ఎప్పుడన్న ప్రదర్శనకు పెడ్తరు. మన శిస్తుతోటి చేయించినవి మళ్ళ మన పన్నుతోటి కొన్నం. దీనిమీద ఎవరన్న వాదించేది ఉంటే మైకు ఇటు ఇయ్యిండ్రి, ముందుగాల ఆ గోడకు నిలబడ్డ తమ్మునికి.